ప్లాసీ దొర మనవడు ఇంటిపేరు ఎందుకు మార్చుకున్నాడు

పోయినేడు జులైలో అమ్మా నాన్నా బర్మింగ్‌హామ్ వచ్చి మా దగ్గర రెండు నెలలు ఉన్నారు. ప్రతి శనివారం ఎక్కడికో ఒక చోటికి తీసుకెళ్ళేవాళ్ళం, అలా ఒక వారం వేల్స్ సరిహద్దులో వెల్ష్‌పూల్ అనే చిన్న ఊరి పక్కన ఉన్న పోయిస్ కోటకి వెళ్ళాం. గుట్ట మీద ఎర్ర రాయి కోట, కింద మెట్లు మెట్లుగా తోట, అమ్మకి తోట బాగా నచ్చి అక్కడే కూర్చుంటానంది, మేమే బలవంతం చేసి లోపలికి తీసుకెళ్ళాం. లోపల క్లైవ్ మ్యూజియం అని ఉంది, ఇండియా నుంచీ తూర్పు దేశాల నుంచీ వచ్చిన వస్తువులు వెయ్యికి పైగా ఉన్నాయంటారు. కత్తులు, డాళ్ళు, హుక్కాలు, ప్లాసీలో బెంగాల్ నవాబు సిరాజుద్దౌలా వదిలేసి పారిపోయాడని చెప్పే పల్లకీ, ఇంకో పక్క తెల్లటి నూలు బట్ట మీద ఎర్రటి పువ్వుల అద్దకంతో పెద్ద డేరా.

అమ్మ ఆ డేరా దగ్గర ఆగిపోయింది. "ఇదేంట్రా, మన బందరు అద్దకంలా ఉంది, ఆ పువ్వు చూడు, ఆ తీగ చూడు" అంది. అది బందరుది కాదు, టిప్పు సుల్తాన్ డేరా, శ్రీరంగపట్నం పడిపోయాక వచ్చింది. ఇక్కడికొచ్చాక ఆ ఇంటివాళ్ళు తోటలో పార్టీలు చేసుకున్నప్పుడు షామియానాలాగా వేసుకునేవాళ్ళట.

నాన్న సోషల్ మేష్టారుగా చేసి రిటైరయ్యారు. అదంతా విని కాసేపు ఆలోచించి "క్లైవ్ చచ్చిపోయింది 1774 కదరా, టిప్పు చనిపోయింది 1799, మధ్యలో పాతికేళ్ళు తేడా ఉంది, మరి క్లైవ్ ఇంటికి టిప్పు డేరా ఎలా వచ్చింది" అన్నారు.

నాకు తెలీదు. ఈ దేశంలో పన్నెండేళ్ళ నుంచి ఉంటున్నాను, స్కూల్లో క్లైవ్ గురించి వ్యాసరూప ప్రశ్నకి పది మార్కులు తెచ్చుకున్నవాణ్ణి, ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు నుంచి ఈ కుటుంబం గురించి దొరికినంతా చదువుతూ వచ్చాను, చదివే కొద్దీ కోపం కూడా పెరిగింది. నేను చెప్పదలుచుకున్నది ముందే చెప్పేస్తాను. మనం క్లైవ్ కథని 1774లో ఆపేస్తున్నాం, అది తప్పు. దోచుకున్నది తండ్రి అయితే ఆ దోపిడీని పెద్దరికంగా మార్చింది ఆ తర్వాత రెండు తరాలు, ఆ పనికి వాళ్ళు వాడుకున్న పనిముట్టు వంశపారంపర్య బిరుదు. తెలుగు జిల్లాల వరకు చూస్తే తండ్రి కంటే కొడుకు చేసిందే ఎక్కువ, ఆ కొడుకు పేరు మన పుస్తకాల్లో ఎక్కడా కనపడదు.

మొదట తండ్రి సంగతి, ఇది కొంచెం తెలిసిందే కాబట్టి తొందరగా చెప్తాను. రాబర్ట్ క్లైవ్ 1725లో ష్రాప్‌షైర్‌లో స్టైచ్ అనే ఎస్టేటులో పుట్టాడు. పాత కుటుంబమే, కానీ ఎస్టేటు తాకట్టులో ఉంది, పదముగ్గురు పిల్లల్లో ఇతనే పెద్దవాడు. 1744లో మద్రాసులో ఈస్టిండియా కంపెనీ రైటరుగా, అంటే మన లెక్కలో గుమస్తాగా దిగాడు. 1751లో ఆర్కాటు ముట్టడితో పేరొచ్చింది, 1757 జూన్ 23న ప్లాసీ. కొత్త నవాబు మీర్ జాఫర్ దగ్గర తన వాటాగా 2,34,000 పౌండ్లు తీసుకున్నాడు, తర్వాత 1759లో కలకత్తా చుట్టూ ఉన్న 24 పరగణాల మీద జాగీరు రాయించుకున్నాడు, దాని మీద సంవత్సరానికి సుమారు 27,000 పౌండ్లు. ఆ భూమి కంపెనీ చేతిలో ఉంది, దాని శిస్తు నవాబుకి కట్టాలి, నవాబు ఆ హక్కుని క్లైవ్‌కి ఇచ్చేసాడు, అంటే కంపెనీ తన ఉద్యోగికే ఏటా శిస్తు కట్టాల్సొచ్చింది. ఆ డబ్బు ఇంగ్లండుకి పంపటానికి డచ్చి కంపెనీ హుండీలు వాడాడు, మద్రాసులో వజ్రాలు కొనిపించి పంపాడు. ఆ డబ్బుతోనే తాకట్టులో ఉన్న తన తండ్రి ఎస్టేటు విడిపించాడు.

ఇక్కడ మన ఊరి సంగతి ఒకటి చెప్పాలి. మా నాన్నది గొల్లప్రోలు దగ్గర పల్లెటూరు, పక్కనే చందుర్తి. 1758 డిసెంబరులో ఆ చందుర్తి దగ్గర ఇంగ్లీషువాళ్ళకీ ఫ్రెంచివాళ్ళకీ పెద్ద యుద్ధం జరిగింది, ఇంగ్లీషు పుస్తకాల్లో దాన్ని కాండోర్ యుద్ధం అంటారు. అంతకు ముందు సంవత్సరం బొబ్బిలి యుద్ధం తర్వాత విజయనగరం రాజు విజయరామరాజుని తాండ్ర పాపారాయుడు చంపాడు, తర్వాత గద్దెక్కిన ఆనంద గజపతి రాజు ఫ్రెంచివాళ్ళ మీద తిరగబడి ఇంగ్లీషువాళ్ళని సాయం పిలిచాడు. మద్రాసు వాళ్ళు కదల్లేదు, బెంగాల్లో ఉన్న క్లైవ్ మాత్రం కల్నల్ ఫోర్డ్‌ని సైన్యంతో పంపాడు. చందుర్తిలో గెలిచారు, 1759 ఏప్రిల్లో రాత్రిపూట దాడి చేసి బందరు కోట తీసుకున్నారు. 1765లో మొగలు చక్రవర్తి షా ఆలం దగ్గర బెంగాల్ దివానీతో, అంటే అక్కడి శిస్తు వసూలు హక్కుతో పాటు మన ఉత్తర సర్కారులకి కూడా క్లైవ్ ఫర్మానా రాయించుకున్నాడు, ఎక్కడో అలహాబాదులో, నైజాముకి తెలీకుండానే. అంటే శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా ఉన్న నేల చేతులు మారటానికి మొదటి కాగితం అదే. స్కూల్లో దివానీ గురించి నాతో పది సార్లు రాయించారు కానీ అందులో మన జిల్లాలు కూడా ఉన్నాయని ఒక్కసారి చెప్పలేదు, నాన్న కూడా ముప్పై ఏళ్ళు పాఠం చెప్పి ఈ ముక్క నా ద్వారానే విన్నారు, విని చాలాసేపు మాట్లాడలేదు.

ఇప్పుడు బిరుదు దగ్గరకొస్తా. 1762లో క్లైవ్‌ని బారన్ చేసారు, బారన్ క్లైవ్ ఆఫ్ ప్లాసీ, కౌంటీ క్లేర్. క్లేర్ ఉన్నది ఐర్లండులో, బెంగాల్లో పలాశ చెట్ల పేరుతో ఉన్న ఊరి పేరు తీసుకెళ్ళి ఐర్లండు జిల్లాకి తగిలించారు. ఐరిష్ బిరుదు అంటే రెండో రకం కింద లెక్క. పేరు ముందు లార్డ్ అని పెట్టుకోవచ్చు కానీ లండన్‌లో హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో కూర్చునే హక్కు ఉండదు, అతను కింది సభలో ష్రూస్‌బరీ ఎంపీగానే ఉండిపోయాడు. అతని డబ్బు కావాలి, అతని గెలుపు కావాలి, కానీ తమ పక్క కుర్చీలో మాత్రం వద్దు, అక్కడి పాత కుటుంబాలు అతన్ని ఆ దూరంలోనే ఉంచాయి. ఇండియాలో సంపాదించుకొచ్చిన వాళ్ళని అక్కడ నాబాబులని పిలిచేవాళ్ళు, అది నవాబు అన్న మాటే, గౌరవంతో పిలిచిన పిలుపు కాదు.

1769-70లో బెంగాల్లో కరువు వచ్చి, ఎక్కువగా చెప్పే అంచనా ప్రకారం, కోటి మంది దాకా చనిపోయారు. అప్పుడు పార్లమెంటులో విచారణ పెట్టారు. 1773 మే నెలలో సభ చేసిన తీర్మానం చూడండి, క్లైవ్ 2,34,000 పౌండ్లు తీసుకున్న మాట నిజమని ఒక వాక్యం, అదే సమయంలో దేశానికి గొప్ప సేవ చేసాడని ఇంకో వాక్యం. తీసుకున్నది తిరిగి కట్టమని ఎవరూ అనలేదు. మరుసటి సంవత్సరం నవంబరులో లండన్ బర్క్‌లీ స్క్వేర్ ఇంట్లో చనిపోయాడు, 49 ఏళ్ళు. పుట్టిన ఊరి పక్కన మోర్టన్ సే చర్చిలో పూడ్చిపెట్టారు, సరిగ్గా ఎక్కడ అన్నది గుర్తు కూడా పెట్టలేదు.

మన పాఠాలు ఇక్కడ ఆగిపోతాయి. చెడ్డవాడు చచ్చిపోయాడు, అయిపోయింది. నాకు అసలు కథ ఇక్కడే మొదలైంది అనిపిస్తుంది, ఎందుకంటే డబ్బు చచ్చిపోలేదు, బిరుదు చచ్చిపోలేదు. ఆ బిరుదు ఇచ్చిన కాగితంలో ఒక మాట ఉంటుంది, ఈ మనిషికీ, ఇతని ఒంటి నుంచి పుట్టిన మగ సంతానానికీ అని. ఆ ఒక్క మాటతో 1757లో ఒక మనిషి చేసిన పని ఇంకా పుట్టని వాళ్ళకి కూడా గౌరవంగా అందుతుంది. ఎస్టేటు ముక్కలు కాకుండా పెద్ద కొడుకు చేతికి వెళ్తుంది, మిగతా పిల్లలకి భరణమో ఉద్యోగమో చూస్తారు. మన ఇళ్ళల్లో నలుగురు కొడుకులుంటే పొలం నాలుగు ముక్కలవుతుంది, మూడు తరాల్లో ఎకరం సెంట్లలోకి దిగుతుంది, వాళ్ళ దగ్గర అలా జరగదు, జరగనివ్వని ఏర్పాటు అది.

పెద్ద కొడుకు ఎడ్వర్డ్ క్లైవ్ 1754లో పుట్టాడు, ఈటన్‌లో చదివాడు, తండ్రి చనిపోయేనాటికి ఇరవై ఏళ్ళు. 1784లో లేడీ హెన్రియెట్టా హెర్బర్ట్‌ని పెళ్ళి చేసుకున్నాడు. హెర్బర్ట్‌లు పోయిస్ కోటవాళ్ళు, 1587 నుంచి ఆ కోట వాళ్ళది, పేరు ఉంది, కోట ఉంది, అప్పులు కూడా బాగా ఉన్నాయి. క్లైవ్‌ల దగ్గర డబ్బు ఉంది, పేరు లేదు. ఈ సంబంధం ఎలా కుదిరిందో మన వాళ్ళకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు, గోదావరి జిల్లాల్లో ఇలాంటి సంబంధాలు ఎన్ని చూడలేదు, దివాణం పేరు ఒక వైపు, కొత్తగా సంపాదించిన చేతులు ఇంకో వైపు. బెంగాల్ డబ్బుతో వేల్స్ కోట అప్పులు తీరాయి.

1794లో ఎడ్వర్డ్‌కి బారన్ క్లైవ్ ఆఫ్ వాల్కాట్ అని ఇంకో బిరుదు వచ్చింది, ఇది ఐరిష్‌ది కాదు, దీనితో హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో కుర్చీ దొరికింది. తండ్రికి ఇవ్వనిది కొడుక్కి ఇచ్చారు. ఆ 1794 అన్న అంకె చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. అదే సంవత్సరం జులై 10న పద్మనాభం దగ్గర కంపెనీ సైన్యం చిన విజయరామ గజపతి రాజుని చంపింది, పేష్కషు, అంటే కంపెనీకి కట్టాల్సిన కప్పం, బకాయి పడ్డాడని మొదలైన గొడవ. క్లైవ్ సైన్యాన్ని మన నేల మీదకి పిలిచిన ఆనంద గజపతి రాజు తర్వాత గద్దె మీద కూర్చున్న దత్తుడే ఇతను. పిలిచిన ఇంటి వారసుడు పద్మనాభంలో నేలకూలిన సంవత్సరంలోనే వచ్చినవాడి కొడుకు లండన్‌లో పై సభలో కూర్చున్నాడు. దీంట్లో ఎవరో కుట్ర చేసారని నేను అనట్లేదు, రెండింటికీ నేరుగా సంబంధం లేదు. కానీ ఈ రెండు సంగతులు పక్క పక్కన పెట్టి చదివితే తప్ప మనకి అసలు ఏం జరిగిందో అర్థం కాదు.

1798లో ఎడ్వర్డ్ క్లైవ్ మద్రాసు గవర్నరుగా వచ్చాడు, 1803 దాకా ఉన్నాడు. నాన్న ప్రశ్నకి జవాబు ఇదే. 1799 మే 4న శ్రీరంగపట్నం పడిపోయినప్పుడు మద్రాసు గవర్నరు క్లైవ్ కొడుకు. పైన కూర్చుని నడిపించింది గవర్నర్ జనరల్ వెల్లస్లీ, ఎడ్వర్డ్ అంత చురుకైన మనిషి కాదనే అందరూ రాసారు, కానీ సంతకం అతనిదే. టిప్పు సింహాసనం మీద ఉండే బంగారు పులి తలల్లో ఒకటి, కెంపులూ వజ్రాలూ పొదిగింది, వెల్లస్లీ హెన్రియెట్టాకి కానుకగా ఇచ్చాడు. డేరా కూడా ఈ కుటుంబం చేతికి వచ్చి పోయిస్ చేరింది. 1800లో హెన్రియెట్టా ఇద్దరు కూతుళ్ళని తీసుకుని మద్రాసు నుంచి బెంగుళూరు, మైసూరు, కోయంబత్తూరు, తంజావూరు మీదుగా వెయ్యి మైళ్ళకి పైగా తిరిగి వచ్చింది, రాళ్ళూ మొక్కలూ పోగు చేసింది, డైరీ రాసింది. మంచి పరిశీలన ఉన్న మనిషి అని చదివితే తెలుస్తుంది, ఆవిడ మీద నాకు ద్వేషం లేదు. ఆ ప్రయాణానికి కొన్ని నెలల ముందే, 1799 అక్టోబరులో, తమిళ దేశంలో కయత్తారులో, కంపెనీకి ఎదురు తిరిగిన పాలెగాడు కట్టబొమ్మన్‌ని ఉరి తీసారు. తెలుగు మూలాలున్న రాజకంబళం నాయకర్ల కుటుంబం అతనిది. అప్పుడు కూడా మద్రాసు గవర్నరు ఈ క్లైవే.

ఇంక మన జిల్లాలు చూడండి. 1800లో నైజాము కడప, బళ్ళారి, అనంతపురం ప్రాంతాలు కంపెనీకి వదిలేసాడు, అవే దత్త మండలాలు, ఇప్పటి రాయలసీమలో చాలా భాగం. 1801లో కర్నాటక నవాబు, అంటే ఆర్కాటు నవాబు, రాజ్యం కలుపుకున్నారు, నెల్లూరు, చిత్తూరు వైపు అలా వచ్చాయి. 1802లో 25వ రెగ్యులేషన్, శాశ్వత పైసలా, అంటే శిస్తుని ఎప్పటికీ ఒకే మొత్తంగా ఖాయం చేసే ఏర్పాటు, సర్కారు జిల్లాల్లో జమీందారీలు చట్టం ప్రకారం వంశపారంపర్య ఆస్తి అయ్యాయి దీనితోనే. పాత జమీందార్లకి సనదులు, అంటే హక్కు పత్రాలు ఇచ్చారు, సర్కారు చేతిలో ఉన్న హవేలీ భూముల్ని ముఠాలనే చిన్న ఎస్టేట్లుగా కోసి వేలం వేసారు, రైతులు కట్టేదాంట్లో సుమారు మూడింట రెండొంతులు కంపెనీకి పోవాలి, ఆ మొత్తం ఎప్పటికీ మారదు, కట్టలేకపోతే ఎస్టేటు వేలం. మూడు సంవత్సరాల్లో ఇన్ని జరిగాయి, అన్నీ ఒకే గవర్నరు హయాంలో. ప్లాసీ క్లైవ్ మన నేల మీద పెద్దగా అడుగు పెట్టలేదు, సైన్యాన్ని పంపాడు, కాగితం తెచ్చాడు. ఆ నేల మీద ఎవరికి హక్కు, ఎవరు ఎవరికి కట్టాలి అన్నది నూట నలభై ఏళ్ళకి పైగా నిలిచిపోయేలా రాసింది అతని కొడుకు ప్రభుత్వం.

ఇంగ్లండు తిరిగి వెళ్ళిన ఎడ్వర్డ్‌ని 1804లో ఎర్ల్ ఆఫ్ పోయిస్ చేసారు, ఎర్ల్ అంటే బారన్ కంటే పెద్ద బిరుదు. ఈ ఎర్ల్ ఆఫ్ పోయిస్ అన్న బిరుదు కథ కూడా చెప్పాలి, ఎందుకంటే బిరుదు అంటే రక్తం, పరంపర అని నమ్మేవాళ్ళకి ఇది పనికొస్తుంది. మొదట 1674లో ఇచ్చారు, 1748లో మగ వారసుడు లేక చచ్చిపోయింది. అదే సంవత్సరం ఇంకో హెర్బర్ట్‌కి కొత్తగా ఇచ్చారు, అతని కొడుకు, అంటే హెన్రియెట్టా అన్నయ్య, పెళ్ళి కాకుండానే 1801లో పోయాడు, బిరుదు మళ్ళీ చచ్చిపోయింది. మూడేళ్ళకి బావగారికి అదే పేరుతో కొత్త బిరుదు పుట్టించారు. రెండు సార్లు చచ్చి మూడోసారి పుట్టిన బిరుదు ఇది, మధ్యలో తెగని మగ వరస లేదు, ఒకే కోట ఉంది. అయినా ఎర్ల్ ఆఫ్ పోయిస్ అంటే వినేవాళ్ళకి ఎప్పటి నుంచో ఉన్న వంశం అనిపిస్తుంది, అలా అనిపించటానికే ఆ పేరు ఎంచుకున్నారు.

పెళ్ళి కాని ఆ మేనమామ వీలునామా రాసాడు. ఆస్తి నా మేనల్లుడికి, అంటే ఎడ్వర్డ్ పెద్ద కొడుక్కి, కానీ ఒక షరతు, హెర్బర్ట్ అన్న ఇంటిపేరూ మా కుటుంబ చిహ్నమూ తీసుకోవాలి. 1807లో ఆ కుర్రాడు, ఇరవై రెండేళ్ళు నిండబోతుండగా, రాజుగారి అనుమతితో క్లైవ్ తీసేసి హెర్బర్ట్ అయిపోయాడు. ప్లాసీ గెలిచి సరిగ్గా యాభై ఏళ్ళు.

ఇది చదివి నేను చాలాసేపు ఆలోచించాను. మనకి దత్తత కొత్త కాదు, ఆస్తి ఉన్న పెదనాన్నకో మేనమామకో దత్తు పోయి ఇంటిపేరు మార్చుకున్నవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉన్నారు, మా తాత తమ్ముడే ఒకాయన అలా వెళ్ళాడు, చచ్చేదాకా పుట్టింటి పేరుతో ఒకరూ కొత్త పేరుతో ఒకరూ పిలుస్తూనే ఉన్నారు. అందులో నాకు తప్పేం కనపడదు. కానీ ఇక్కడ వదిలేసిన పేరు క్లైవ్. ఆ డబ్బంతా ఏ పేరు మీద వచ్చిందో, బెంగాల్లో, మద్రాసులో, బందరులో జనం ఏ పేరు విని వణికారో, ఆ పేరు. డబ్బు ఉంచుకున్నారు, పేరు వదిలేసారు. ఎవరో సిగ్గుపడి వదిలేసారని నేను అనుకోవట్లేదు, వీలునామా షరతు అది, పైగా పెద్ద కొడుకుని ఇప్పటికీ మర్యాదగా వైకౌంట్ క్లైవ్ అనే పిలుస్తారు. సిగ్గుతో చేసుంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు. చాలా మామూలుగా, ఒక ఆస్తి కాగితం మీద, లాయరు ముందు జరిగిపోయింది. అప్పటి నుంచి ఆ కోటలో ఉన్నది హెర్బర్ట్‌లు, 1587 నుంచీ ఉన్న హెర్బర్ట్‌లు.

రెండో కొడుకు వైపు కూడా ఇంతే. అతను రాబర్ట్ హెన్రీ క్లైవ్, విండ్సర్ అనే పాత బారనీకి వారసురాలైన హ్యారియెట్‌ని చేసుకున్నాడు, తర్వాత ఇంటిపేరు విండ్సర్-క్లైవ్ అయింది, ఇంకా తర్వాత 1905లో ఎర్ల్ ఆఫ్ ప్లిమత్ అయ్యారు. కార్డిఫ్‌లో ఉన్న స్నేహితులు సెయింట్ ఫాగన్స్ మ్యూజియం చూసే ఉంటారు, ఆ కోట ఈ ప్లిమత్ ఎర్ల్‌లు ఇచ్చిందే. ఒక గుమస్తా సంపాదన నుంచి రెండు ఎర్ల్ కుటుంబాలు, రెండింట్లోనూ క్లైవ్ అన్న మాట వెనక్కి జరిగిపోయింది.

ఒక్క విషయం మాత్రం మర్చిపోలేదు. 1765లో చనిపోతూ మీర్ జాఫర్ క్లైవ్‌కి ఐదు లక్షల రూపాయలు రాసాడు, కంపెనీ నియమాలు అడ్డొచ్చి క్లైవ్ దాన్ని పని చెయ్యలేని స్థితికి వచ్చిన కంపెనీ సైనికుల కోసం, వాళ్ళ వితంతువుల కోసం నిధిగా పెట్టాడు. ఇది నిజంగా మంచి పని, ఒప్పుకోవాలి. కంపెనీ సైన్యం లేకపోతే డబ్బు తిరిగి మా వాళ్ళకి రావాలి అని పత్రంలో ఉంది. 1857 తిరుగుబాటు తర్వాత కంపెనీ సైన్యం రాణి సైన్యం అయిపోయింది, అప్పుడు వారసుల తరఫు వాళ్ళు కేసు వేసారు, 1863లో హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్ళి గెలిచారు. దాదాపు వందేళ్ళ క్రితం బెంగాల్ నవాబు ఇచ్చిన డబ్బు, పేరు మారినా, తరాలు మారినా, కాగితం పట్టుకుని వెనక్కి తెచ్చుకున్నారు. నేను పదే పదే చెప్తున్నది ఇదే. హక్కు అయితే వందేళ్ళ తర్వాత కూడా వారసులకి వస్తుంది. బాధ్యత అడిగితే మాత్రం అది మా ముత్తాతలది, మాకేం సంబంధం అంటారు.

మా బాబాయితో ఈ విషయం ఫోన్లో మాట్లాడితే ఆయన ఒప్పుకోలేదు. "ఏరా, మన జమీందార్లు మాత్రం ఎలా వచ్చారు, ఎవడో ఒక దండనాయకుడు, ఎవడో ఒక అమల్దారు, నాలుగు ఊళ్ళు కొట్టుకుని కూర్చున్నాడు, మూడు తరాలకి రాజావారు అయ్యాడు. ఆ ఇంగ్లీషు ముసలాయన మనవడు ఏం చేసాడని వాణ్ణి అడుగుతావు" అన్నాడు. ఇందులో సగం నేను ఒప్పుకుంటాను. మన జమీందారీల పుట్టుక కూడా అంత స్వచ్ఛంగా లేదు, అక్కడా అదే పని జరిగింది, పైగా 1802 తర్వాత అదే సర్కారు వాటిని చట్టంతో గట్టి చేసింది. కానీ మనం ఒక పని చేసాం. 1948లో మద్రాసు శాసనసభ ఎస్టేట్ల రద్దు చట్టం చేసింది, 1950లో రాజ్యాంగం 18వ అధికరణ బిరుదులే వద్దంది. నష్టపరిహారం ఇచ్చారు, లొసుగులు ఉన్నాయి, చాలామంది భూమి వేరే పేర్ల మీద దాచుకున్నారు, అవన్నీ నిజమే. అయినా మన వైపు అడిగారు, తేల్చారు. అక్కడ 1999 దాకా ఎర్ల్ పెద్ద కొడుకుగా పుడితే చాలు, తండ్రి తర్వాత చట్టాలు చేసే సభలో ఓటు ఉండేది. అప్పుడు కూడా 92 మందిని మినహాయించారు. బిరుదు మాత్రం ఎవరికీ తీసెయ్యలేదు.

మనవడు ఏం చేసాడు అన్న ప్రశ్నకి నా జవాబు ఇది. ఇప్పుడున్నవాళ్ళు నేరస్తులు అని నేను అనను. ఆ కుటుంబానికి కష్టాలు కూడా వచ్చాయి, ఇంటిపేరు మార్చుకున్న ఆ రెండో ఎర్ల్ 1848లో వేటలో సొంత కొడుకు తుపాకీ గుండు పొరపాటున తగిలి చనిపోయాడు, నాలుగో ఎర్ల్ కొడుకుల్లో ఒకడు 1916లో సోమ్ యుద్ధంలో గాయాలతో పోయాడు, ఇంకొకడు 1943లో విమానం కూలి పోయాడు. ఆ నాలుగో ఎర్ల్ 1952లో చనిపోతూ కోటని నేషనల్ ట్రస్టుకి, అంటే పాత కోటలూ ఇళ్ళూ కాపాడే సంస్థకి, రాసేసాడు, ఇవాళ టిక్కెట్టు కొంటే మనలాంటివాళ్ళు కూడా లోపలికి వెళ్ళొచ్చు, అది చిన్న విషయం కాదు. 2020లో ఆ ట్రస్టే తన కోటలకీ వలస పాలనకీ ఉన్న సంబంధాల మీద నివేదిక రాస్తే అక్కడ ఎంత గొడవ జరిగిందో నేను చూసాను, వాళ్ళు రాసినందుకు నాకు గౌరవం ఉంది. నేను అడిగేది, ఎవరైనా బిరుదు వాడుకుంటున్నంత కాలం దాని లెక్క కూడా దాని పక్కనే ఉండాలి. డేరా పక్కన టిప్పు పేరు ఒక్కటి చాలదు. అది ఏ యుద్ధంలో, ఏ గవర్నరు హయాంలో, ఎవరి వాటాగా వచ్చిందో, ఆ గవర్నరు ఎవరి కొడుకో, తిరిగొచ్చిన ఏడాదికి అతనికి ఏ బిరుదు ఇచ్చారో అన్నీ ఒకే పలక మీద ఉండాలి. ఆ డేరా, ఆ పులి తల శాశ్వతంగా అక్కడే ఉండాలని కూడా నేను అనుకోను, కనీసం కొన్నేళ్ళు మైసూరు వచ్చి మన పిల్లలు చూడాలి. ఇంక మన వైపు, ఎనిమిదో క్లాసు పుస్తకంలో క్లైవ్ పాఠం చివర ఒక పేరా చాలు, ఎడ్వర్డ్ క్లైవ్, మద్రాసు గవర్నరు, 1798 నుంచి 1803, దత్త మండలాలు, 25వ రెగ్యులేషన్. దానికి ఖర్చేం కాదు.

అమ్మావాళ్ళు సెప్టెంబరులో వెళ్ళిపోయారు. దసరాకి నాన్న ఊరెళ్ళి పాత ట్రంకు పెట్టె దింపించారు, మా ముత్తాత కాగితాలు అందులో ఉన్నాయని చిన్నప్పటి నుంచి వింటున్నాను. వాట్సాప్‌లో ఒక ఫోటో పంపారు. పిఠాపురం దివాణం శిస్తు రసీదు, ఫసలీ 1344, అంటే మన లెక్కలో 1934-35. మడతల దగ్గర చిరిగిపోయింది, సిరా గోధుమ రంగుకి తిరిగింది, పైన సంస్థానం పేరు, కింద మా ముత్తాత పేరు, ముందు మా ఇంటిపేరు పూర్తిగా రాసి ఉంది, ఎన్ని రూపాయలు, ఎన్ని అణాలు, ఎన్ని పైసలు. దాని కింద నాన్న టైపు చేసారు, "ఇది 1802 కాగితానికి కట్టిన డబ్బే కదరా, ఇంకా రెండు కట్టలు ఉన్నాయి, రేపు పగటి వెలుతురులో ఫోటోలు తీసి పంపుతా."